ముసుగు తీయొచ్చు, ఊరు చెప్పలేం

2024 అక్టోబరు 22న సింగపూర్ హోంశాఖ, ఇన్ఫోకామ్ మీడియా అథారిటీ కలిసి 10 వెబ్‌సైట్లను ఆ దేశంలో తెరుచుకోకుండా చేశాయి. వాటిలో ఒకటి జావోబావోడైలీ డాట్ కామ్. సింగపూర్ చైనీయులు చదివే 'లియాన్‌హె జావోబావో' దినపత్రికదే కాబోలనుకునేలా పెట్టిన పేరు. ఇంకొకటి అలమాక్ డాట్ ఐఓ. 'అలమాక్' అక్కడివాళ్ల నోట మాటకు ముందు దొర్లే మాట. పైకి అంతా లోకల్ సరుకే, పెట్టింది మాత్రం విదేశీయులని ప్రభుత్వం చెప్పింది. అవి సింగపూర్ మీద ప్రచార దాడి మొదలుపెట్టలేదు కూడా. రేపు పెట్టొచ్చన్న అనుమానంతో ముందే అడ్డుకున్నారు. ఆ తర్వాత ఆరు నెలలు దాటాక, 2025 మే 3న సాధారణ ఎన్నికలు జరిగాయి.

ప్రభుత్వానికి నిఘా సంస్థలుంటాయి. మరి ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మామూలు మనిషి ఇలాంటి ముసుగు తీయగలడా? తీసినవాళ్లున్నారు. 2015లో బ్రిటన్‌కు చెందిన లారెన్స్ అలెగ్జాండర్, రష్యా ప్రభుత్వానికి బాకా ఊదే ఒక వెబ్‌సైట్ సోర్స్ కోడ్ తెరిచి చూశాడు. బ్రౌజర్లో ఎవరైనా చూడగలిగే కోడే అది. అందులో ఎంతమంది వచ్చిపోతున్నారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ నంబరు కనబడింది. 'యూఏ' అని మొదలై, ఆపైన అంకెలుంటాయి. అదే నంబరు ఇంకెక్కడుందో వెతికితే, ఒకదానికొకటి సంబంధం లేనట్టు నటిస్తున్న సైట్లు వరసగా బయటపడ్డాయి. పది ఇళ్లు ఒకే కరెంటు మీటరు మీద నడుస్తుంటే ఇంటి యజమానులు వేరువేరని ఎవరు నమ్ముతారు? అక్కణ్నుంచి లాగిన తీగ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని 'ఇంటర్నెట్ రీసెర్చ్ ఏజెన్సీ'లో పనిచేసే మనిషి దాకా వెళ్లింది. 2016 అమెరికా ఎన్నికలతో ప్రపంచమంతా మారుమోగిన పేరు అదే.

ఆ కిటుకు ఇప్పుడు పెద్దగా పారదు. గూగుల్ 2023 జులైలో పాత పద్ధతి ఆపేసింది. కొత్తగా 'జీ'తో మొదలయ్యే నంబర్లలో యజమాని ఖాతా సంఖ్య కనబడదు. డొమైన్ ఎవరి పేరున కొన్నారో చెప్పే హూయిజ్ రికార్డులు కూడా 2018లో యూరప్ గోప్యతా చట్టం వచ్చాక చాలావరకు తెరచాటుకు వెళ్లాయి.

ఇక మిగిలింది సోషల్ మీడియా ఖాతా నడవడి. ఆ ఖాతా ఏ వేళ పోస్టులు పెడుతుంది, ఏ వేళ నిద్రపోతుంది? టెక్సాస్‌వాణ్నని చెప్పుకునేవాడు రోజూ టెక్సాస్ మధ్యాహ్నం పూట ఆరేడు గంటలు మాయమవుతుంటే, వాడికి రాత్రి ఇంకెక్కడో అవుతోందన్నమాట. చక్కటి పరీక్షే, కానీ సింగపూర్‌లో చతికిలబడుతుంది. సింగపూర్, బీజింగ్, తైపీ, కౌలాలంపూర్, మనీలా, ఆస్ట్రేలియాలోని పెర్త్ అన్నిటికీ గడియారం ఒకటే. భాష చూసి పట్టుకుందామా అంటే అధికార భాషలు నాలుగు: మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషు. ఏ ఒక్కటీ ఆ దీవికే పరిమితమైనది కాదు.

పోస్టుల సంఖ్య మరో కొలమానం. రోజుకు 50 ట్వీట్లు దాటితే ఆటోమేటిక్ ఖాతా (బాట్) కావచ్చని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఒక గీత గీశారు. పని లేని మనిషి కూడా ఆ గీత దాటగలడు! 2018లో బ్రిటన్ ప్రభుత్వం రష్యా బాట్‌గా చూపిన ఒక ఖాతాదారు స్కై న్యూస్ తెర మీద ప్రత్యక్షమయ్యాడు. చూస్తే సాక్షాత్తూ బ్రిటిషువాడే.

తప్పెక్కడ జరుగుతుందో ఒక లెక్క వేసుకుందాం. 10,000 ఖాతాల్లో 100 దొంగవనుకోండి. మన పరీక్ష నూటికి 95 సార్లు సరిగ్గా చెబుతుందనుకుందాం. దొంగల్లో 95 మంది దొరుకుతారు. మిగిలిన 9,900 మందిలో నూటికి ఐదుగురి చొప్పున 495 మంది అమాయకుల మీదా ముద్ర పడుతుంది. పట్టుబడ్డ 590 మందిలో అసలు దొంగలు ఆరోవంతుకూ తక్కువే. అందుకే ఒక్క ఖాతాను చూసి తీర్పు చెప్పేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. గుంపు కదలికను చూడాలి. 2024 ఏప్రిల్ 17, మే 10 మధ్య 92 ఖాతాలు సింగపూర్ కొత్త ప్రధాని ఎంపిక మీద 120కి పైగా పోస్టులు పెట్టాయి. జులైలో ప్రభుత్వం విదేశీ జోక్య నిరోధక చట్టాన్ని ప్రయోగించి మొత్తం 95 ఖాతాలను సింగపూర్‌లో కనబడకుండా చేయించింది. అవి అమెరికాలో ఉంటున్న చైనా వ్యాపారి గువో వెంగుయ్ అనుచరగణానివని చెప్పింది. ఇన్ని ఖాతాలు కూడబలుక్కుని ఒకే పాట పాడుతున్నాయని బయటివాడు కూడా ఓపిగ్గా చూస్తే పట్టుకోగలడు. వెనకెవరున్నారో, డబ్బెవరిదో చెప్పడం మాత్రం వాడి తరం కాదు. ఆ మాట చెప్పే ప్రభుత్వం కూడా ఆధారాలన్నీ జనం ముందు పెట్టదు. ఈ చట్టం కింద అప్పీలు వెళ్లేది మామూలు కోర్టుకు కాదు, ప్రత్యేక ట్రిబ్యునల్‌కు. 2021లో పార్లమెంటులో ప్రతిపక్షం వ్యతిరేకించడానికి ఇదొక ముఖ్య కారణం. నా దృష్టిలో ఆ అభ్యంతరం సబబే.

విచిత్రమేమిటంటే, 2025 ఎన్నికల వేళ దొరికినవాళ్లను వెతకాల్సిన పనే పడలేదు. మలేసియాలోని పాస్ పార్టీ నాయకులిద్దరు, సింగపూర్ పౌరసత్వం వదులుకున్న మరొకరు సొంత పేర్లతోనే ఆ ఎన్నికల మీద ఫేస్‌బుక్‌లో రాశారు. ఆ పోస్టులను సింగపూర్‌లో కనబడకుండా చేయమని ఫేస్‌బుక్ సంస్థ మెటాను ఆదేశించినట్టు ఏప్రిల్ 25న ఎన్నికల శాఖ, హోంశాఖ ప్రకటించాయి.

విదేశీయులు అక్కడి ఎన్నికల ప్రచారం ఆన్‌లైన్‌లో చేయకూడదన్న నిబంధన మనవాళ్లకూ వర్తిస్తుంది. సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నా, భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం అక్కడి ఎన్నికలకు మీరు విదేశీయులే. ఎన్నికల రోజుల్లో ఒక పార్టీని గెలిపించమనో ఓడించమనో ఫేస్‌బుక్‌లో బహిరంగంగా పోస్టు పెట్టడం మీకు నిషిద్ధం.