కుండీ మట్టికి పునరుజ్జీవనం

ఉత్తర అమెరికాలో శీతకాలం సమీపించే వేళ అనేక తెలుగు ఇళ్ళలో దాదాపు ఒకే దృశ్యం కనిపిస్తుంది. తొలి మంచు పట్టకముందే కరివేపాకు, మల్లె, తులసి కుండీలు ఇంటిలోని దక్షిణపు కిటికీ వద్దకు చేరుకుంటాయి. గోంగూర, మిరప, వంగ, టమాటా మొక్కలు మాత్రం ఆయువు తీరి, వేళ్ళతో నిండిన మట్టిని కుండీలలో మిగిల్చిపోతాయి. వసంతం రాగానే ఆ మట్టిని చెత్తబుట్ట పాలుచేసి, దుకాణం నుండి కొత్త సంచులు కొనితెచ్చుకోవడం పలువురికి పరిపాటి. మరికొందరు పాత మట్టిలోనే కొత్త నారు నాటి, మొక్క ఎదగకపోతే విత్తనాన్నో, వాతావరణాన్నో నిందిస్తారు.

ఈ రెండు పద్ధతులూ సరియైనవి కావు. పాత కుండీ మట్టి మృతపదార్థం కాదు. అట్లని కొత్తదానితో సమానమూ కాదు. అది కొన్ని నిర్దిష్టమైన గుణాలను కోల్పోయింది, కొన్ని దోషాలను సంతరించుకున్నది. పోయినదేదో, చేరినదేదో తెలిసినపుడు దానిని బాగుచేయడం కష్టం కాదు.

కుండీలో ఉన్నది మన్నేనా?

పేరుకు మట్టి అంటున్నా, సంచులలో లభించే ఈ పదార్థంలో పొలంలోని మన్ను సాధారణంగా ఉండదు. పొలం మన్నును తెచ్చి కుండీలో నింపితే కొద్ది తడులలోనే గట్టిపడి, వేళ్ళకు గాలి ఆడనీయదు. ఈ చిక్కును తొలగించడానికి శాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దాలు కృషి చేశారు. 1930ల దశకంలో ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ ఉద్యాన పరిశోధన సంస్థలో లారెన్స్, న్యూవెల్ అనే ఇరువురు మన్ను, పీట్, ఇసుకలను నిర్ణీతమైన పాళ్ళలో కలిపి ప్రామాణిక మిశ్రమాలను రూపొందించారు. 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, కెన్నెత్ బేకర్ సంపాదకత్వంలో, సన్నని ఇసుక, పీట్‌లతో కుండీ మిశ్రమాల తయారీని వివరించే గ్రంథాన్ని ప్రచురించింది. 1960లలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బూడ్లీ, షెల్డ్రేక్‌లు మన్నుతో నిమిత్తం లేకుండా పీట్, వర్మిక్యులైట్, పెర్లైట్‌లతో తేలికైన మిశ్రమాలను ప్రచారంలోకి తెచ్చారు. నేటి సంచులు చాలవరకు ఈ చివరి వంశానికి చెందినవే.

వీటిలో పెర్లైట్ ఒక అగ్నిపర్వత శిల. దానిలో చిక్కుకున్న నీరు సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి ఆవిరి కాగానే, వేపిన వడ్లు పేలాలైనట్లు ఉబ్బి తెల్లని గుల్ల పలుకులౌతుంది. వర్మిక్యులైట్ మన గూడూరు గనులలో లభించే అభ్రకాన్ని పోలిన పొరల ఖనిజం. ఇక పీట్ అనేది చిత్తడినేలలలో పెరిగే స్ఫాగ్నమ్ అనే నాచు, ప్రాణవాయువు అందని ఆమ్లజలంలో పూర్తిగా కుళ్ళకుండా పేరుకుపోగా ఏర్పడిన పదార్థం. అమెరికాలో వాడే పీట్‌లో అధికభాగం కెనడా నుండి వస్తుంది. ఈ పొర ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. అనగా ఒక అడుగు మందం ఏర్పడడానికి ఇంచుమించు మూడు వందల సంవత్సరాలు పడుతుంది. ఒక్క వేసవి వాడి పారవేస్తున్నది మూడు శతాబ్దాల సంచితమని గుర్తించినపుడు, దాని పునర్వినియోగం కేవలం డబ్బు ఆదా కాదని బోధపడుతుంది.

మట్టి ఎందుకు అలసిపోతుంది?

మొదటి మార్పు గాలికి సంబంధించినది. పీట్, బెరడు ముక్కలు సేంద్రియ పదార్థాలు గనుక సూక్ష్మజీవులు వాటిని క్రమంగా జీర్ణం చేసుకుంటాయి. పెద్ద కణాలు చిన్నవౌతాయి. వాటి నడుమ ఉండే ఖాళీలూ చిన్నవౌతాయి. సన్నని రంధ్రాలు కేశాకర్షణ వలన నీటిని గట్టిగా పట్టి ఉంచుతాయి. తడి చీరను దండెం మీద ఆరవేసినపుడు పైభాగం ముందుగా ఆరి, క్రింది అంచు చివరివరకు తడిగానే ఉంటుంది. కుండీ అడుగుభాగంలో జరిగేదీ అదే. మిశ్రమం మెత్తబడేకొద్దీ ఆ తడిపొర ఎత్తు పెరిగి, వేళ్ళకు ప్రాణవాయువు కరవై అవి కుళ్ళడం మొదలవుతుంది. అడుగున రాళ్ళు పరచడం దీనికి చికిత్స కాదు. మార్చవలసినది మిశ్రమంలోని కణాల పరిమాణమే.

రెండవది పోషకాల నష్టం. పీట్, కంపోస్టు కణాల ఉపరితలం మీద ఋణావేశం ఉంటుంది. ధనావేశం గల కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, అమ్మోనియం అయాన్లను అది పట్టి ఉంచి, వేరు అడిగినపుడు విడుదల చేస్తుంది. నైట్రేటుకు ఉన్నది ఋణావేశం. కనుక దానికి అక్కడ నిలువ నీడ ఉండదు. నీరు పోసిన ప్రతిసారీ కొంత నైట్రేటు కుండీ అడుగు రంధ్రం గుండా వెళ్ళిపోతుంది. పాత మట్టిలో నత్రజని కొరత మొదట కనిపించడానికి కారణం ఇదే.

మూడవది ఆమ్లత్వంలో మార్పు. పీట్ స్వభావతః ఆమ్లం. తయారీదారులు సున్నపురాతి పొడి కలిపి దాని పీహెచ్ విలువను 5.5 నుండి 6.5 మధ్యకు తెస్తారు. ఆ సున్నం కాలక్రమాన ఖర్చవుతుంది. ఎరువులోని అమ్మోనియంను సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చేటపుడు హైడ్రోజన్ అయాన్లు వెలువడి ఆమ్లత్వం ఇంకా పెరుగుతుంది. కాని కొళాయి నీటిలో బైకార్బొనేటులు అధికంగా ఉన్న ఊళ్ళలో దీనికి విపర్యయం జరుగుతుంది. కనుక ఒకే సంచిలోని మట్టి ఒక ఇంటిలో ఆమ్లంగాను, మరొక ఊరి ఇంటిలో క్షారంగాను మారవచ్చు. కరివేపాకు లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే, పీహెచ్ పెరిగి ఇనుము అందడం లేదని అనుమానించవచ్చు.

నాలుగవది లవణాల పేరుకుదల. తెలుగు రైతు భాషలో ఇది చౌడు. ఎరువుల నుండి, నీటి నుండి వచ్చిన లవణాలు నీరు ఆవిరైన పిదప మిగిలిపోయి, కుండీ అంచున తెల్లని పొరగా కనిపిస్తాయి. వేరు చుట్టూ లవణసాంద్రత ఎక్కువైనపుడు ద్రవాభిసరణ నియమం ప్రకారం వేరు నీటిని పీల్చుకోలేదు. మట్టి తడిగా ఉన్నా మొక్క దాహంతో ఉంటుంది. ఆకు కొసలు మాడుతాయి. ఇంటిలో నీటిని మృదువుగా చేసే యంత్రం ఉంటే, అది కాల్షియంకు బదులు సోడియంను విడుదల చేస్తుంది. ఆ నీరు కుండీలకు పనికిరాదు.

ఐదవది వ్యాధిబీజాలు. ఫ్యుజేరియం, వెర్టిసిలియం వంటి శిలీంధ్రాలు మొక్క చనిపోయిన తరువాత కూడ మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండగలవు. వేళ్ళమీద బుడిపెలు కలిగించే నులిపురుగులు బెండ, టమాటా, గోంగూర మొక్కలకు ప్రబలశత్రువులు.

పరీక్షించే విధానం

మొక్కను పెరికినపుడు వేళ్ళను చూడాలి. అవి తెల్లగా, గట్టిగా ఉంటే మట్టి ఆరోగ్యంగా ఉన్నట్లే. గోధుమరంగుతో మెత్తబడినా, బుడిపెలు తేలినా, కాండాన్ని కోసి చూస్తే లోపల ముదురు చారలు కనిపించినా ఆ మట్టిని వేరుగా ఉంచాలి. పోసిన నీరు పైననే చాలసేపు నిలిస్తే రంధ్రాలు మూసుకున్నాయని భావించాలి. నీరు పోసీపోయగానే అంచుల వెంట జారిపోతే పీట్ పూర్తిగా ఎండి నీటిని గ్రహించే శక్తి కోల్పోయిందని అర్థం. గోరువెచ్చని నీటిలో నానబెడితే ఆ శక్తి తిరిగి వస్తుంది.

పీహెచ్, లవణాలు కంటికి కనిపించేవి కావు. 1862 నాటి మారిల్ చట్టంతో ఏర్పడిన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో మొదలైన వ్యవసాయ విస్తరణ సేవ ద్వారా, అనేక రాష్ట్రాలలో స్వల్పరుసుముతో మట్టిపరీక్షలు చేస్తున్నాయి. నమూనా పంపేటపుడు అది పొలం మన్ను కాదని, కుండీ మిశ్రమమని తెలుపాలి. రెండింటి పరీక్షావిధానాలు వేరు.

పునరుద్ధరణ క్రమం

ముందుగా మట్టిని కొద్దిగా తడపాలి. ఎండిన కుండీ మట్టి ధూళిలో శిలీంధ్రబీజాలు, ఒక్కొక్కప్పుడు శ్వాసకోశవ్యాధిని కలిగించే లెజియొనెల్లా జాతి సూక్ష్మజీవులు ఉండవచ్చు. ధూళి లేవకుండా పనిచేయడం, పిదప చేతులు కడుగుకోవడం అవసరం. తరువాత మట్టిని పట్టా మీద పోసి, వేళ్ళను, గడ్డలను ఏరివేసి, వెడల్పు కన్నుల జల్లెడతో జల్లించాలి.

తెల్లని పొర కనిపించిన మట్టిని తిరిగి కుండీలో నింపి, కుండీ ఘనపరిమాణానికి రెండింతల నీటిని నెమ్మదిగా పోసి, అడుగునుండి పూర్తిగా కారిపోనివ్వాలి. పళ్ళెంలో చేరిన నీటిని పారబోయాలి. లేనిచో ఆ లవణాలే తిరిగి పైకి చేరుతాయి.

వ్యాధి అనుమానం ఉంటే సూర్యతాపంతో శుద్ధి చేయవచ్చు. పారదర్శకమైన ప్లాస్టిక్ క్రింద తడిమట్టిని ఎండలో వేడెక్కించే ఈ పద్ధతిని ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు కటాన్, ఆయన సహచరులు 1976లో ప్రకటించారు. కుండీ మట్టిని చిన్న సంచులలో ఉంచి, రెండు పొరల ప్లాస్టిక్ గుడారం వేసినపుడు, మట్టి మధ్యభాగం 158 డిగ్రీల ఫారెన్‌హీటు వద్ద అర్ధగంట గాని, 140 డిగ్రీల వద్ద ఒక గంట గాని ఉంటే చాలు. ఆరిజోనా, టెక్సస్, కాలిఫోర్నియా లోతట్టు ప్రాంతాల వేసవిలో ఇది సుసాధ్యం. ఉత్తరాది రాష్ట్రాలవారు అనుమానాస్పదమైన మట్టిని కూరగాయలకు వాడకపోవడమే మేలు. పొయ్యిలో అతిగా వేడిచేస్తే మొక్కలకు హాని చేసే పదార్థాలు పుడతాయి.

ఇక కోల్పోయినవాటిని తిరిగి ఇవ్వాలి. సగం పాత మట్టికి సగం కొత్త మిశ్రమం కలపడం సులభమైన మార్గం. అట్లు కాక, మూడు పాళ్ళ పాత మట్టికి ఒక పాలు బాగా మాగిన కంపోస్టు కలిపి, గాలి ఆడడానికి కొంత పెర్లైట్ చేర్చవచ్చు. కంపోస్టు అంతకు మించితే లవణాలు ఎక్కువౌతాయి. పీట్‌కు బదులు కొబ్బరి పొట్టు వాడదలచినవారికి అది ఇటుకల రూపంలో లభిస్తుంది. ఒకప్పుడు కొబ్బరిపీచు పరిశ్రమలున్నచోట గుట్టలుగా పడి ఉండిన ఈ వ్యర్థం నేడు భారత, శ్రీలంకల నుండి దేశాంతరాలకు ఎగుమతి అవుతున్నది. దానిలో సోడియం, పొటాషియం లవణాలు ఉండవచ్చును గనుక కడిగి వాడాలి. చివరగా, నెమ్మదిగా విడుదలయ్యే ఎరువును సంచి మీద సూచించిన మోతాదులో కలపాలి. సున్నం మాత్రం పరీక్ష లేకుండా వేయరాదు.

వంటింటి వైద్యాలు

కరివేపాకుకు పుల్లటి మజ్జిగ పోయడం మనవారి అలవాటు. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం పీహెచ్‌ను కొంత తగ్గించవచ్చు. కాని సూక్ష్మజీవులు ఆ ఆమ్లాన్ని త్వరలోనే ఆరగిస్తాయి కనుక ఫలితం తాత్కాలికం. ఉప్పు కలిపిన మజ్జిగ పోస్తే చౌడును చేజేతులా పిలిచినట్లే. కోడిగ్రుడ్డు పెంకులు కాల్షియం కార్బొనేటే అయినా, పెద్ద ముక్కలు కరగడానికి ఏళ్ళు పడుతుంది. మెత్తని పొడి చేస్తేనే కొంత ప్రయోజనం. పచ్చి కూరగాయల తొక్కలను కుండీలో పూడిస్తే అవి కుళ్ళేటపుడు వేళ్ళకు అందవలసిన ప్రాణవాయువు ఖర్చవుతుంది. ఎండుటాకులు, రంపపు పొట్టు వంటి కర్బనం హెచ్చుగా గల పదార్థాలు కలిపితే సూక్ష్మజీవులు మొక్కకు చెందవలసిన నత్రజనిని కూడ తామే తీసుకుంటాయి. వీటన్నిటికీ తగిన స్థానం కంపోస్టు కుప్ప. అక్కడ కర్బన, నత్రజనుల నిష్పత్తి 30:1 ప్రాంతంలో ఉండి, బాగా మాగిన పిదప అవే అమృతప్రాయాలు.

పాటించవలసిన కట్టుబాట్లు

టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబానికి చెందినవి. బెండ, గోంగూర మరొక కుటుంబం. ఒక కుటుంబం పెరిగిన మట్టిలో మరుసటి ఏడు వేరొక కుటుంబాన్ని, ఉదాహరణకు పాలకూరనో, చిక్కుడునో పెంచడం శ్రేయస్కరం. నారు పోయడానికి మాత్రం కొత్త మిశ్రమమే వాడాలి. లేతమొక్కకు రోగాలను ఎదుర్కొనే శక్తి తక్కువ.

స్వదేశం నుండి గుప్పెడు మన్ను తెచ్చుకోవాలన్న కోరిక సహజమే అయినా, అనుమతి లేకుండా విదేశపు మట్టిని అమెరికాలోకి తేవడం నిషిద్ధం. ఉద్యోగరీత్యా రాష్ట్రం మారేవారు కరివేపాకు కుండీ విషయంలోనూ నియమాలను విచారించుకోవాలి. నిమ్మజాతి తోటలను నాశనం చేసే వ్యాధిని వ్యాపింపజేసే కీటకానికి కరివేపాకు ఆశ్రయమిస్తుంది. ఆ కీటకం ఫ్లోరిడాలో 1998లోను, కాలిఫోర్నియాలో 2008లోను బయటపడింది. అది ఉన్న ప్రాంతాలనుండి మొక్కను తరలించడం మీద ఆంక్షలున్నాయి.

చివరి మాట

భూమిని పునరుద్ధరించడం తెలుగువారికి కొత్త విద్య కాదు. వేసవిలో చెరువు ఎండగానే పూడికమన్ను బండ్లకెత్తి పొలాలకు తోలడం, జనుము, జీలుగ చల్లి పచ్చిరొట్టగా దున్నడం, పంటకోసిన చేలలో గొర్రెలమందను కట్టించడం మన పూర్వులు ఎరిగిన శాస్త్రమే. 2015లో తెలంగాణలో ప్రారంభమైన మిషన్ కాకతీయలో చెరువుల పూడికను రైతుల పొలాలకు చేర్చడం ఆ ఆచారానికి కొనసాగింపే. నేల నుండి తీసుకున్నదానిని నేలకు తిరిగి ఇవ్వడం వీటన్నిటిలోని మూలసూత్రం. న్యూజెర్సీ వరండాలోని ఐదు గాలన్ల కుండీకి కూడ అదే సూత్రం వర్తిస్తుంది. వచ్చే వసంతంలో పాత మట్టిని చెత్తబుట్టలోకి వంచబోయే ముందు ఒక్కసారి వేళ్ళను పరిశీలించి, జల్లెడ చేతబట్టినవారికి ఆ మట్టి మరికొన్ని పంటలను ఇవ్వగలదు.