కొత్త ఇంటి చల్లదనం: అపోహలు – వాస్తవాలు

ఏఏసీ (గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు) బ్లాకులతో గోడలు, పడమటి కిటికీలకు వెడల్పాటి సజ్జలు, డాబా మీద తెల్లటి పూత... కరెంటు ఖర్చు తగ్గించే ఇల్లు కట్టుకోవాలన్న ఆలోచన మన ఊళ్లలో ఇప్పుడు బాగానే కనిపిస్తోంది. గోడలు లేచేదాకా ఇంజినీరు చెప్పినట్టే నడుచుకున్నవాళ్లు కూడా లోపలి పనులకు వచ్చేసరికి బంధువుల సలహాలూ షోరూమ్ మాటలూ పట్టుకుంటారు. డబ్బు పోసి తెచ్చుకున్న చల్లదనం అక్కడే చేజారుతుంది. గృహప్రవేశానికి అటూ ఇటూ తరచూ వినిపించే కొన్ని నమ్మకాల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: గోడ తెల్లబడితే ఆరినట్టే. లప్పం పెట్టేయొచ్చు.

వాస్తవం: వారం రోజులు నీళ్లు పట్టిన గిలాబా పైన పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. అది బయటికి రావాల్సిందే. ఈలోపే లప్పం, రంగు పూసేస్తే కొన్ని నెలలకే పూత ఉబ్బి పెచ్చులూడుతుంది. పైగా తడి గోడ పొడి గోడకంటే ఎక్కువ వేడిని లోపలికి పంపుతుంది. గిలాబా అయ్యాక కనీసం నాలుగు వారాలు, వానాకాలమైతే ఇంకొన్నాళ్లు ఆగాలి. గోడ ఆరిందో లేదో మీరే చూసుకోవచ్చు. అడుగు చదరం పాలిథిన్ ముక్కను గోడకు ఆనించి, నాలుగు అంచులా టేపు వేసి, ఒక రోజు వదిలేయండి. తీసి చూస్తే లోపలి వైపు నీటి బొట్లు కనిపించినా, ఆ మేర గోడ నల్లబడినా తడి ఇంకా ఉన్నట్టే. దీనికోసం ముహూర్తం మార్చుకోనక్కర్లేదు. గిలాబా గోడల మధ్యే పాలు పొంగించి, రంగులు తర్వాత వేయించుకోండి.

అపోహ: ఫాల్స్ సీలింగ్ వేయిస్తే పై అంతస్తు చల్లబడుతుంది.

వాస్తవం: శ్లాబు పగలంతా ఎండను పీల్చుకుని సాయంత్రం నుంచి ఆ వేడిని కిందికి వదులుతుంది. జిప్సం బోర్డు, దాని పైనున్న ఖాళీ ఆ వేడిని కొంత ఆపగలవు, అంతే. ఎండను ఆపాల్సిన చోటు శ్లాబు పైభాగం. తెల్లటి చైనా మొజాయిక్, కూల్ రూఫ్ పెయింట్, శ్లాబు మీద ఇన్సులేషన్ పొర వంటివి చేసే మేలు గది లోపలి అలంకారం చేయలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్‌ల కోసం ప్రత్యేక విధానం తెచ్చింది ఇందుకే. అందం కోసం ఫాల్స్ సీలింగ్ కావాలనుకుంటే వేయించుకోండి. అయితే ఫ్యాన్ రెక్కలకూ దానికీ మధ్య అడుగు దూరమైనా ఉండేట్టు చూడండి. మరీ దగ్గరైతే గాలి సరిగా కిందికి రాదు.

అపోహ: మందపాటి కర్టెన్లుంటే ఎండ సమస్య తీరినట్టే.

వాస్తవం: అద్దం దాటి లోపలికొచ్చిన ఎండను కర్టెన్ అడ్డుకున్నా, ఆ వేడిలో చాలా భాగం గదిలోనే ఉండిపోతుంది. ఎండను అద్దం బయటే ఆపాలి. సజ్జ చాలని కిటికీకి బయటివైపు వెదురు తడిక గానీ వట్టివేళ్ల తెర గానీ కట్టించండి.

అపోహ: చల్లగా ఉండేలా కట్టిన ఇంట్లో కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచాలి.

వాస్తవం: ఇది ఆరోగ్యానికే చేటు. కొత్త ప్లైవుడ్, ఎండీఎఫ్ కబోర్డుల్లోని జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వెలువడుతుంది. ఇది మనుషుల్లో క్యాన్సర్ కలిగించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. వేడి, ఉక్క పెరిగేకొద్దీ ఆ వాయువు ఇంకా ఎక్కువగా వస్తుంది. అందుకే కొనేటప్పుడే అది తక్కువగా వెలువడే ఈ-0 లేదా ఈ-1 రకం బోర్డు అడగండి. చెక్కపని పూర్తయ్యాక కొన్ని వారాలు కబోర్డుల తలుపులూ గది కిటికీలూ తెరిచి ఉంచండి. కాపురం మొదలయ్యాక ఎండాకాలంలో తెల్లవారుజామున, రాత్రి కిటికీలు తీసి, పగటి వేడిలో మూయండి. దోమల జాలీలు ముందే పెట్టించుకుంటే ఈ అలవాటు నిలుస్తుంది. వంటింటి చిమ్నీకి బయటికి గొట్టం ఉండి తీరాలి. గొట్టం లేని రకం ఆవిరినీ వేడినీ మళ్లీ ఇంట్లోకే వదులుతుంది.

అపోహ: చిన్నచిన్న సందులతో ఏమవుతుంది?

వాస్తవం: ఏసీ పైపు కోసం కొట్టిన రంధ్రం, కిటికీ ఫ్రేము చుట్టూ మిగిలిన చీలిక, తలుపు కింది ఖాళీ కలిస్తే చల్లగాలి ఎడతెగకుండా బయటికి పోతూనే ఉంటుంది. ఫ్యాన్లు ఆపి, తలుపులు మూసి, వెలిగించిన అగరుబత్తిని ఈ చోట్ల నెమ్మదిగా తిప్పండి. నిటారుగా లేచే పొగ పక్కకు వంగితే అక్కడ గాలి కదులుతోందని అర్థం. రంగులు వేయకముందే ఆ సందుల్లో ఫోమ్ గానీ సీలెంట్ గానీ నింపించండి.

అపోహ: ఏసీ ఎంత పెద్దదైతే అంత మంచిది. పదహారులో పెడితే త్వరగా చల్లబడుతుంది.

వాస్తవం: వేడి తక్కువగా వచ్చే గదికి చిన్న ఏసీ సరిపోతుంది. అవసరానికి మించినది గదిని చప్పున చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలోని తేమను సరిగా లాగదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఆ ఉక్కే అసలు బాధ. ఇక గది వేడిగా ఉన్నప్పుడు ఇరవై నాలుగులో పెట్టినా కంప్రెసర్ మొదట గట్టిగానే పనిచేస్తుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 26లో పెట్టి, తోడుగా ఫ్యాన్ వేసుకోండి. మామూలు ఫ్యాను 70-80 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ మోటారున్న ఫ్యానుకు 30-35 వాట్లు చాలు.

అపోహ: ఏఏసీ గోడకు బరువులు వేలాడదీయలేం.

వాస్తవం: మామూలు మేకు నిలవదు, నిజమే. ఈ బ్లాకుల కోసమే చేసిన పొడవాటి యాంకర్లు వాడి, డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో పెట్టకుండా రంధ్రం వేస్తే కబోర్డులైనా గీజరైనా భద్రంగా నిలుస్తాయి.

లోపలి పనులకు లెక్క రాసుకునేటప్పుడు డాబా పూత, కిటికీల నీడ, సందుల మూత, మంచి ఫ్యాన్లు ముందు రాయండి. షోకేసులూ రంగుల లైట్లూ తర్వాతైనా కొనుక్కోవచ్చు. రంగు ఆరకముందే పిల్లల్ని, పెద్దవాళ్లను ఆ ఇంట్లోకి తీసుకెళ్లే తొందర మాత్రం వద్దు.