సాత్వికంలో సత్తువ

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని మనవాళ్ల సామెత. జంగారెడ్డిగూడెంలో ఒక కుర్రవాడు ఈ సామెతనే పట్టుకొని క్లాసులో నన్ను నిలదీశాడు. ఆదివారంనాడు చర్చిలో పాస్టరుగారు సాత్వికంగా ఉండమని బోధించారట. "అసలే లేనివాళ్లం. ఆపైన మెత్తగా కూడా ఉంటే మమ్మల్ని బ్రతకనిస్తారా, మాష్టారూ?" అన్నాడు.

తెలుగు చెప్పుకొనేవాణ్ణి గనుక ముందు ఆ మాట పుట్టుక చెప్పాను. సాత్వికం సత్త్వంలోనుంచి వచ్చింది. సత్త్వమంటే మంచిగుణమే గాక బలం కూడా. మనం నిత్యం అనుకొనే 'సత్తువ' దాని వికృతే. అంటే తెలుగు బైబిలు అనువాదకులు ఏరుకున్న మాటలోనే బలమున్నదన్నమాట! క్రొత్త నిబంధన వ్రాసిన గ్రీకు భాషలో ఈ గుణాన్ని చెప్పే మాటను మచ్చికైన గుర్రాలకు కూడా వాడేవారు. అరిస్టాటిల్ ఈ గుణాన్ని ముక్కోపానికీ, ఎంతకూ కోపంరాని జడత్వానికీ నడుమ నిలిపాడు.

మత్తయి సువార్త 11వ అధ్యాయంలో క్రీస్తు తాను సాత్వికుణ్ణని చెప్పిన చోటనే, తన కాడి ఎత్తుకొమ్మని కూడా పిలుస్తాడు. కాడి సంగతి మా మెట్టరైతుకు వేరే చెప్పనక్కరలేదు. కాడికి అలవాటుపడిన ఎద్దుకు బలం తగ్గదు. ఆ బలం చాలు తప్పకుండా నడుస్తుంది, అంతే.

ఆ క్రీస్తే దేవాలయంలో వ్యాపారం పెట్టినవారిని వెళ్లగొట్టాడు. పట్టుబడి ప్రధానయాజకుని ఎదుట నిలిచినప్పుడు ఒక బంట్రోతు ఆయనను చెంపమీద కొట్టాడు. ఆయన తిరిగి కొట్టలేదు, నోరు మూసుకొనీ ఊరుకోలేదు. తాను తప్పుగా మాట్లాడితే ఆ తప్పేమిటో చూపమన్నాడు. కాకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. సాత్వికమంటే ఏమిటో తెలియడానికి ఈ ఒక్క ఘట్టం చాలుననిపిస్తుంది నాకు.

మన సాహిత్యంలో దీనికి సాక్ష్యం కావాలంటే జాషువాగారున్నారు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. పొట్టకూటికోసం 1915-16 ప్రాంతంలో మన రాజమహేంద్రవరంలోనే మూగసినిమాలకు కథ చదివి వినిపించేవారు. అంటరానితనంవల్ల ఆయన పడ్డ అవమానాలు ఇన్నీ అన్నీ కావు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో ఆయన చేసిందేమిటి? గుడిలోకి అడుగుపెట్టనివ్వని పేదవాడు, గుడిలోకి అడ్డులేకుండా ఎగిరిపోయే గబ్బిలంచేత కాశీవిశ్వనాథునికి తన మొర చెప్పి పంపుతాడు. అందులో బూతు లేదు, కత్తి లేదు. అయినా ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేక సంఘం తలవంచుకోవలసి వచ్చింది. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం లభించింది.

ఇందులో మరొకరి సాత్వికమూ ఉన్నది. మన కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వయంగా వంగి, తమ చేతులతో జాషువాగారి కాలికి గండపెండేరం తొడిగారు. ఆనాటి కులం కట్టుబాట్లు ఎరిగినవారికి ఆ బ్రాహ్మణ పండితుడు అలా వంగడం ఎంతటి మాటో తెలుస్తుంది.

ఇదంతా విని మా కుర్రవాడు తల ఊపాడు గాని, పూర్తిగా ఒప్పుకున్నట్టు కనిపించలేదు. "సరేనండీ, నేను నెమ్మదిగానే అడుగుతాను. మరి ఆ కొట్టేవాడికి సాత్వికం ఎవరు చెబుతారు?" అన్నాడు.

ఆ ప్రశ్న వానికి కాదు, మనకు. ఇంట్లో తండ్రికి, బడిలో మాష్టరుకు, ఆఫీసులో అధికారికి చెయ్యెత్తే వీలున్నది, గొంతు పెంచే చనువున్నది. సాత్వికం మొదట నేర్వవలసినవాళ్లం మనమే. లేనివాని నోరు మూయించడానికి ఆ మాట వాడితే, అది క్రీస్తు చెప్పిన సాత్వికం కానేకాదు. ఆ పూట క్లాసులో ఈ మాట ఒప్పుకొని, పాఠంలోకి వెళ్లాను.