ఇంటర్వ్యూకి బయలుదేరే మన పిల్లల కోసం

మన సంఘం సభ్యుల ఇళ్ళలో తరచుగా వినబడే మాట ఒకటుంది: "రాతపరీక్ష పాసయ్యాడండీ, ఇంటర్వ్యూలోనే పోయింది." నేను ముప్పై ఏళ్ళుగా బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. మా వీధి పిల్లలు ఆదివారాలు మా ఇంటికి వచ్చి ఇంటర్వ్యూకి తయారవుతుంటారు. ఆ అనుభవంతో నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను. (ధర్మపురి అనగానే గోదావరి ఒడ్డున ఉన్న నరసింహస్వామి క్షేత్రం అనుకునేరు! మాది తమిళనాడు ధర్మపురి, హొగెనకల్ జలపాతం ఉన్న జిల్లా.)

కామర్స్ చదివినవాణ్ణి కనుక ముందు లెక్క చెబుతాను. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాలకు ఐబీపీఎస్ జరిపే ఎంపికలో ప్రిలిమినరీ మార్కులు చివరి జాబితాకు లెక్కలోకి రావు. మెయిన్స్‌కు 80 వంతులు, ఇంటర్వ్యూకి 20 వంతులు. ఇంటర్వ్యూ నూరు మార్కులకు జరుగుతుంది. అందులో కనీసం 40 రావాలి, రిజర్వేషన్ ఉన్నవారికి 35. ఇద్దరు పిల్లలకు మెయిన్స్‌లో సమానంగా 45 శాతం వచ్చిందనుకోండి, అంటే 80కి 36. ఒకరికి ఇంటర్వ్యూలో 70 వస్తే మొత్తం 50 అవుతుంది. మరొకరికి 45 వస్తే మొత్తం 45 దగ్గరే ఆగిపోతుంది. ఈ అయిదు మార్కుల తేడా పూడ్చుకోవాలంటే 225 మార్కుల మెయిన్స్‌లో ఇంకో పద్నాలుగు తెచ్చుకోవాలి. పాయింటు తర్వాతి అంకెల మీద జాతకాలు తేలే పరీక్షలో అది చిన్న సంగతా, చెప్పండి? గుమాస్తా ఉద్యోగాలకు ఇప్పుడు ఇంటర్వ్యూ లేదు. కేంద్ర ప్రభుత్వంలో కింది స్థాయి పోస్టులకు కూడా 2016 జనవరి 1 నుంచి తీసేశారు. ఆఫీసరు కావాలంటే మాత్రం బోర్డు ఎదుట కూర్చోక తప్పదు.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. తండ్రి పాలకోడు టమాటా మండీలో లెక్కలు రాస్తాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. మన పిల్లల్లో చాలామంది పరిస్థితి ఇదే. మొదటిసారి మెయిన్స్ బాగా రాసినా ఇంటర్వ్యూలో 42 మాత్రమే వచ్చి, జాబితాకు ఒక మార్కు లోపే ఆగిపోయింది. "ఈసారి రాకపోతే హోసూరులో ఏదో కంపెనీలో చేరిపోతాను మామా, నాన్నకు ఇంకా ఎన్నాళ్ళు భారం?" అంది రెండోసారి కాల్ లెటర్ పట్టుకొచ్చిన రోజున.

నేను మొదట అడిగిన ప్రశ్న, "మీ జిల్లా గురించి చెప్పమ్మా." ఏ బోర్డయినా అడగదగిన ప్రశ్నే ఇది. హొగెనకల్ అంది, మామిడి అంది, అక్కడితో ఆగిపోయింది. "బ్యాంకుకి పనికొచ్చేది చెప్పు" అన్నాను. నేల చూపులు చూసింది. "మీ అమ్మ నెలనెలా ఎక్కడికి వెళుతుంది?" అంటే, "గ్రూపు మీటింగుకు మామా" అంది. అదేనమ్మా జవాబు!

తమిళనాట మహిళా స్వయం సహాయక బృందాలు ప్రభుత్వ పథకంగా మొదలైంది మా జిల్లాలోనే. 1989లో ఐఫాడ్ అనే అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయంతో రాష్ట్ర మహిళాభివృద్ధి సంస్థ ఇక్కడ శ్రీకారం చుట్టింది. అప్పటికి కృష్ణగిరి కూడా మాలోనే ఉండేది, 2004లో విడిపోయింది. నాబార్డు 500 బృందాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం చేపట్టింది 1992లో, అంటే మా తర్వాతే. ఆంధ్రలో డ్వాక్రా సంఘాలంటే తెలియనివారు లేరు. మా జిల్లాకు ఆ చరిత్రలో చోటుందని మాత్రం మా పిల్లలకే తెలియదు. మరుసటి ఆదివారం ఆ అమ్మాయి వాళ్ళమ్మ బృందం మినిట్స్ పుస్తకం, పొదుపు లెక్క, అప్పుల రిజిస్టరు అన్నీ సంచిలో వేసుకొచ్చింది. ఎవరు ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, తీర్చలేనివారి కంతు మిగతావారు ఎలా సర్దారు, అన్నీ గడగడా చెప్పింది. పుస్తకాలు బట్టీపట్టి చెప్పేవాడికి ఆ ధీమా రాదు.

ఇలాంటి సంగతులు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. రాయలసీమలో ఇప్పటికీ జనం తలచుకునే సర్ థామస్ మన్రో, దత్తమండలాలకు కలెక్టరుగా వెళ్ళకముందు, 1792 నుంచి 1799 వరకు మా బారామహల్ సీమలోనే కెప్టెన్ రీడ్ దగ్గర పనిచేశాడు. రైతుతో నేరుగా పన్ను ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతికి పునాది ఇక్కడే పడింది. వ్యవసాయ రుణాల గురించి అడిగినప్పుడు ఇది ఒక్క వాక్యంలో చెబితే చాలు, ఎదుటివారు తల ఎత్తి చూస్తారు. ఒక్క వాక్యంలోనే సుమా, ఉపన్యాసం వద్దు.

ఇక చదువుకున్న సబ్జెక్టు. బి.కాం. పిల్లలను నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. నీ సొమ్ము పెరిగితే నీ లెక్కలో డెబిట్ కదా, మరి బ్యాంకులో డబ్బు కడితే పాస్‌బుక్కులో క్రెడిట్ అని ఎందుకు పడుతుంది? పదిమందిలో ఏడుగురు తడబడతారు. పాస్‌బుక్కు మన పుస్తకం కాదు, బ్యాంకు లెడ్జరుకు నకలు. బ్యాంకు లెక్కలో ఆ డబ్బు మనకు తీర్చవలసిన బాకీ, అందుకే క్రెడిట్. ఇంత చిన్న విషయం తెలియనప్పుడు రెపో రేటు ఎంతో దశాంశాలతో సహా చెప్పినా ఏం లాభం? ఇంజనీరింగ్ చదివినవారిని "బ్యాంకుకెందుకు వచ్చావు?" అని అడుగుతారు. "ప్రజాసేవ" అనకండి. బోర్డువారు ఆ మాట ఉదయం నుంచీ వింటూనే ఉంటారు.

భాష గురించి భయం వద్దు. చెప్పదలచింది ముందు మనసులో తెలుగులో పేర్చుకుని, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పండి. తెలియనిది "తెలియదు సార్" అనండి, వంద మాటల తప్పు జవాబు కంటే అదే మేలు. తెలుగు, తమిళం రెండూ వచ్చునని సందర్భం చూసి చెప్పండి. సరిహద్దు శాఖల్లో అది నిజంగా అక్కరకొచ్చే విద్య. మా అమ్మాయికి ఈసారి ఇంటర్వ్యూలో 71 వచ్చింది. బృందాల గురించి అడిగారట, పాస్‌బుక్కు ప్రశ్న మాత్రం రాలేదట. ఇప్పుడు చిత్తూరు జిల్లాలో ఒక శాఖలో పనిచేస్తోంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. సర్టిఫికెట్ల సంగతి మీరు చూసుకోండి. మనవాళ్ళలో ఇంటిపేరుతో రాసేవారున్నారు, ఇక్కడి పద్ధతిలో తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టేవారున్నారు. పదో తరగతి సర్టిఫికెట్లో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే వాకిట్లోనే ఆపుతారు. కాల్ లెటర్ వచ్చాక పరుగులెత్తకుండా దరఖాస్తు చేసేముందే సరిచేయించండి. ఓబీసీ పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వపు కుల సర్టిఫికెట్ చాలదు. కేంద్ర నమూనాలో, క్రీమీలేయర్ కాదన్న మాటతో, నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీలకు సరిపోయేలా ఉండాలి.

మా పిల్లలకు ఇంటర్వ్యూ చాలాసార్లు చెన్నైలో పడుతుంది. ఇక్కడి నుంచి దాదాపు మూడు వందల కిలోమీటర్లు. రాత్రి బస్సెక్కి తెల్లవారి దిగి, కోయంబేడులో ముఖం కడుక్కుని బోర్డు ఎదుటికి వెళ్ళినవారిని చూశాను. కళ్ళు ఎర్రగా, చొక్కా నలిగి, గొంతు బొంగురుగా ఉంటుంది. ముందురోజు మధ్యాహ్నానికల్లా చేరుకోండి. ఆ ఊళ్ళో మన సంఘం సభ్యులు ఎవరైనా ఉంటే మొహమాటపడకుండా ముందుగా ఫోను చేయండి. ఒక రాత్రి పడుకోవడానికి చోటు, పొద్దున నాలుగు ఇడ్లీలు పెట్టని తెలుగిల్లు నాకు ఇంతవరకు తగల్లేదు.