వారంటీ అయిపోయింది.. గ్రాఫిక్స్ కార్డు మొరాయించింది.. ఇప్పుడేం చేద్దాం?

ధర్మవరంలో పట్టుచీర నేసే మగ్గం పైకి చూస్తే చిల్లులున్న అట్టలు గొలుసులా వేలాడుతుంటాయి. అవి జకార్డు అట్టలు. అంచులో హంస ఎక్కడ రావాలో, కొంగులో పువ్వు ఎక్కడ పడాలో చెప్పేది ఆ చిల్లులే. వాటిలో ఒక్క అట్ట చిరిగినా డిజైన్ తప్పుతుంది. అంతమాత్రాన నేతన్న మగ్గాన్ని మార్చేయడు. చిరిగిన అట్ట ఏదో వెతికి, దాన్నొక్కదాన్నే మారుస్తాడు.

కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు మొరాయిస్తే మనం చేసేది దీనికి పూర్తిగా రివర్స్. స్క్రీన్ మీద రంగు గీతలు కనిపించగానే గుండె జారిపోతుంది. బిల్లు తీసి చూస్తే మూడేళ్ల వారంటీ మొన్ననే అయిపోయి ఉంటుంది. షాపుకి వెళ్తే ‘ఏం లేదప్పా, కార్డు పోయింది. కొత్తది వేసుకో’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజంగా పోయింది కార్డేనా, దాని ఫ్యానా, పవర్ సప్లయా? అది అడగకుండానే జేబు ఖాళీ చేసుకుంటాం.

గేమ్ ఆగితే సరదా పోతుంది, అంతే. కానీ హిందూపురంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడికి, పెనుకొండలో త్రీడీ డిజైన్ నేర్చుకుంటున్న ఇంజినీరింగ్ స్టూడెంట్‌కి కార్డు ఆగితే పని ఆగినట్టే. ముహూర్తాల సీజన్‌లో వారం రోజులు సిస్టమ్ మూలన పడితే ఆ నష్టం కార్డు ధరకు తక్కువేం ఉండదు. అందుకే కంగారు పడకుండా ఒక వరస ప్రకారం వెళ్దాం. ఖర్చు లేని పనులు ముందు, ఖర్చయ్యేవి తర్వాత.

దొంగ కార్డేనా?

మొదటి పరీక్షకు మీ ఫోన్ చాలు. స్క్రీన్ మీద చుక్కలు, గీతలు కనిపిస్తున్నప్పుడు కంప్యూటర్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి, వాట్సాప్‌లో ఫోన్‌కి పంపుకోండి. ఫోన్‌లో చూసినా ఆ గీతలు ఉంటే గొడవ కార్డులోనో, డ్రైవర్‌లోనో ఉన్నట్టు. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే ముందు అనుమానించాల్సింది మానిటర్‌ని, కేబుల్‌ని. వేరే కేబుల్ పెట్టి చూడండి. పక్కింటి టీవీకి కలిపి చూసినా సరే.

రెండోది, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు బయోస్ స్క్రీన్‌లోకి వెళ్లండి. అక్కడింకా విండోస్ డ్రైవర్ పని మొదలుపెట్టదు. బయోస్‌లోనే గీతలు కనిపిస్తే డ్రైవర్ తప్పు కాదని తేలిపోయింది. కార్డు మెమరీ చిప్పులో, అసలు జీపీయూలో దెబ్బ ఉండొచ్చు. బయోస్ బాగుండి, విండోస్‌లోకి వచ్చాకే సమస్య వస్తుంటే డీడీయూ అనే ఉచిత టూల్‌తో పాత డ్రైవర్‌ని పూర్తిగా తుడిచేసి, కంపెనీ సైట్ నుంచి కొత్తగా వేయండి. డివైస్ మేనేజర్‌లో ‘కోడ్ 43’ కనిపించినా మొదట చేయాల్సింది ఇదే.

మూడోది పవర్. గేమ్ మొదలైన కాసేపటికి సిస్టమ్ మొత్తం టక్కున ఆగి రీస్టార్ట్ అవుతోందా? అలాంటప్పుడు చాలాసార్లు దోషి కార్డు కాదు, ఎస్ఎంపీఎస్. క్యాబినెట్‌తో పాటు చవగ్గా వచ్చిన పవర్ సప్లై మూడు నాలుగేళ్లకు నీరసించిపోతుంది. కార్డుకి రెండు పవర్ సాకెట్లుంటే ఒకే వైరుకున్న రెండు తలలు పెట్టకుండా, విడివిడిగా రెండు వైర్లు ఇవ్వండి. కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూడండి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల కొత్త 16 పిన్నుల కనెక్టర్లు వేడెక్కి కరిగిపోవడం ప్రపంచమంతా వార్త అయింది. సరిగ్గా బిగించకపోవడమే ప్రధాన కారణమని అప్పట్లో ఎన్విడియా చెప్పింది.

నాలుగోది అసలైన తీర్పు. కార్డుని స్నేహితుడి కంప్యూటర్‌లో పెట్టండి, అతని కార్డుని మీ దాంట్లో పెట్టండి. సమస్య కార్డుతో పాటు వెళ్తే కార్డుదే తప్పు. మీ దగ్గరే ఉండిపోతే కార్డు అమాయకురాలు. ఒక్క జాగ్రత్త: కార్డు పెడితే సిస్టమ్ అసలు ఆన్ అవ్వకుండా, తీస్తే మామూలుగా ఆన్ అవుతుంటే అది షార్ట్ కావొచ్చు. అలాంటి కార్డుని పదేపదే పెట్టి చూడొద్దు, ఇంకొకరి సిస్టమ్‌లో అసలే పెట్టొద్దు.

మన ఎండ, మన దుమ్ము

మన వైపు వేసవి సంగతి చెప్పక్కర్లేదు. గదిలోనే 38, 40 డిగ్రీలుంటే కార్డు ఫ్యాన్ లాగేది కూడా ఆ వేడి గాలినే. దానికి తోడు దుమ్ము. మగ్గం ఉన్న ఇల్లైతే దారపు నూగు కూడా హీట్‌సింక్ రెక్కల మధ్య దూదిలా పేరుకుంటుంది. చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ మూడు నాలుగేళ్లకు ఎండిపోతుంది. వేడి బయటికి వెళ్లే దారి మూసుకుపోతే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అదీ చాలకపోతే క్రాష్ అవుతుంది. చూసేవాళ్లకి కార్డు పోయినట్టే ఉంటుంది. నిజానికి దానికి ఊపిరాడట్లేదంతే.

జీపీయూ-జెడ్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత టూల్స్ ఉష్ణోగ్రత చూపిస్తాయి. గేమ్ మొదలైన కొద్ది నిమిషాల్లోనే 90 డిగ్రీలకు ఎగబాకుతోందంటే క్లీనింగ్‌కి టైమ్ వచ్చినట్టే. చిన్న బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, లేకపోతే అది విపరీతంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. పంక్చర్ షాపు గాలి మాత్రం వద్దు. అందులో ప్రెషర్ ఎక్కువ, తేమ కూడా ఉంటుంది. పేస్ట్ మార్పించేటప్పుడు మెమరీ చిప్పుల మీది థర్మల్ ప్యాడ్ల మందం ఎంతో చూసి, అదే మందంవి వేయించాలి. అవి మందంగా ఉంటే హీట్‌సింక్ అసలు చిప్‌కి సరిగ్గా ఆనదు. అప్పుడు రోగం కన్నా మందే ప్రమాదం.

ఫ్యాన్ ఒక్కటే ఆగిపోతే ఇంకా మంచిది. ఆ మోడల్‌కి సరిపోయే ఫ్యాన్ దొరికితే సరిపోతుంది, కార్డు మార్చే పనే లేదు.

ఓవెన్ చిట్కా జోలికి వెళ్లొద్దు

‘చచ్చిపోయిన కార్డుని ఓవెన్‌లో పెట్టండి, హీట్ గన్‌తో కాల్చండి, బతుకుతుంది’ అనే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు. వాటిలో కార్డు నిజంగానే లేచి కూర్చుంటుంది. తర్వాతి నెల ఏమైందో మాత్రం ఎవరూ వీడియో పెట్టరు.

ఎందుకలా? కార్డు వేడెక్కినప్పుడు వ్యాకోచిస్తుంది, చల్లారాక సంకోచిస్తుంది. ఏళ్ల తరబడి ఇదే జరిగి చిప్ కింద ఉండే సన్నని టంకపు చుక్కల్లో పగుళ్లొస్తాయి. సీసం లేని నేటి టంకం కరగాలంటే దాదాపు 217 డిగ్రీలు కావాలి. అంతకన్నా తక్కువ వేడిలో పగులు అతుక్కోదు. చిప్ కొద్దిగా ఉబ్బి, విడిపోయిన చోట్లు తాత్కాలికంగా తగులుకుంటాయంతే. కొన్నాళ్లకు మళ్లీ మొదటికే వస్తుంది. ఈలోపు ప్లాస్టిక్ భాగాలు, కెపాసిటర్లు పాడై, అసలు బాగయ్యే కార్డు కూడా ఎందుకూ పనికిరాకుండా పోవచ్చు. వంట చేసుకునే ఓవెన్‌లో ఆ పొగలు చేరడం ఆరోగ్యానికీ మంచిది కాదు.

కొన్ని రిపేర్ షాపులు చేసేదీ ఇదే. కాల్చి ఇస్తారు, రెండు వారాలు నడుస్తుంది. అందుకే ‘ఏం మార్చారు?’ అనే ప్రశ్నకు ‘హీట్ ఇచ్చాం’ అని జవాబొస్తే డబ్బులివ్వడానికి ముందు ఆలోచించండి.

వారంటీ నిజంగా అయిపోయిందా?

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. కార్డు మీద ఉన్న సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. కొన్ని కంపెనీలు కొన్న కొత్తలో రిజిస్టర్ చేసుకుంటే అదనంగా వారంటీ ఇస్తాయి. మీరో, షాపువాళ్లో అప్పుడు రిజిస్టర్ చేసి ఉంటే అదృష్టమే. బిల్లు లేకపోతే కొన్ని కంపెనీలు తయారైన తేదీ నుంచి లెక్కేస్తాయి. అలాంటప్పుడు జీఎస్టీ బిల్లు చూపిస్తే కొన్ని నెలలు కలిసిరావచ్చు.

గడువు దాటినా కంపెనీకి ఒక మెయిల్ పెట్టడంలో పోయేదేం లేదు. ముఖ్యంగా అది తయారీలోనే ఉన్న లోపమైతే. దీనికి పెద్ద ఉదాహరణలే ఉన్నాయి. 2008 జులైలో ఎన్విడియా కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల ప్యాకేజింగ్‌లో వాడిన పదార్థం బలహీనమని ఒప్పుకుని, 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. ఆ తర్వాత ఆపిల్, 8600ఎం జీటీ చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ప్రోలలో ఈ లోపం వస్తే వారంటీ దాటినా ఉచితంగా బాగుచేస్తామంది. 2021లో ‘న్యూ వరల్డ్’ గేమ్ ఆడుతుండగా కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు చచ్చిపోయాయి. తిట్లన్నీ గేమ్‌కే పడ్డాయి. తర్వాత ఈవీజీఏ కంపెనీ తన కార్డుల్ని పరిశీలించి, మోస్‌ఫెట్ల దగ్గర టంకం సరిగ్గా లేదని చెప్పి, వాటిని మార్చి ఇచ్చింది. కాబట్టి మీ మోడల్‌కి ఇదే జబ్బు ఇంకెంతమందికి వచ్చిందో వెతకండి. మీ ఒక్కరిదే కాదని తెలిస్తే మెయిల్‌లో ఆ మాటా రాయండి.

వారంటీలో ఉండగానే ఫిర్యాదు చేసి, వాళ్లు సాగదీసి గడువు దాటించారా? అప్పుడు మీ చేతిలో బలం ఉన్నట్టే. పాత మెయిళ్లు, సర్వీస్ రసీదులు దాచుకోండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు, బెంగళూరులో కొన్నారని అక్కడికి పరుగెత్తక్కర్లేదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు.

రిపేరుకి ఇచ్చే ముందు

బోర్డు మీద చిప్పులు మార్చే స్థాయి రిపేరు అనగానే మన వైపు చాలామంది చూపు బెంగళూరు మీదికి వెళ్తుంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి కాబట్టి పొద్దున్నే రైలెక్కితే చాలు. మెజెస్టిక్‌లో దిగితే ఎలక్ట్రానిక్స్ దుకాణాల ఎస్పీ రోడ్డు దగ్గరే. కానీ వెళ్లే ముందు ఫోన్‌లో ఈ నాలుగు అడగండి.

ఒకటి: పరీక్షించడానికి ఎంత తీసుకుంటారు? బాగవ్వకపోతే అది తిరిగిస్తారా?

రెండు: ఏ భాగం పోయిందో చెప్పి, మీరు ఒప్పుకున్నాకే మారుస్తారా?

మూడు: మార్చిన పాత భాగాన్ని మీకిస్తారా?

నాలుగు: రిపేరుకి ఎన్ని రోజుల గ్యారంటీ? బిల్లు మీద రాసిస్తారా?

ఇచ్చే ముందు కార్డుకి రెండు వైపులా, సీరియల్ నంబర్ కనిపించేలా ఫొటోలు తీసుకోండి. తీసుకునేటప్పుడు మీ కళ్లముందే అరగంట గట్టిగా లోడ్ పెట్టి నడిపించమనండి. పవర్ విభాగంలో మోస్‌ఫెట్, కెపాసిటర్, ఫ్యూజు లాంటివి పోతే బాగయ్యే అవకాశం ఎక్కువ. మెమరీ చిప్ అయితే మంచి పనిమంతుడు కావాలి. అసలు జీపీయూ చిప్పే పోయిందంటే చాలాసార్లు వదిలేయడమే లాభం.

బాగుచేయించాలా, మార్చాలా?

చిన్న లెక్క పెట్టుకోండి. రిపేరు ఖర్చు, అంతే పనిచేసే సెకండ్ హ్యాండ్ కార్డు ధరలో సగం దాటితే రెండోసారి ఆలోచించాలి. కార్డు వయసూ చూడాలి. జీటీఎక్స్ 900, 10 సిరీస్‌లకు గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపి, 2028 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. అలాంటి కార్డు మీద వేలు పోయడం దండగ.

అసలు మీ పనికి కార్డు కావాలా? చీరల డిజైన్, ఫ్లెక్సీ డిజైన్ లాంటి పనులు చాలావరకు ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌తో నడిచిపోతాయి. పెళ్లి వీడియోలకు కూడా ఇంటెల్ ప్రాసెసర్లలోని క్విక్ సింక్ కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. కాకపోతే ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్’ ఉన్నవాటిలో ఆ గ్రాఫిక్స్ ఉండదు. మీది ఏదో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ కొంటే చేతిలో పట్టుకుని, నడిపించి చూశాకే డబ్బులివ్వండి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం పద్ధతి మారాక కార్డులతో దాని మైనింగ్ ఆగిపోయింది. రాత్రింబవళ్లు నడిచిన ఆ కార్డులు పెద్ద సంఖ్యలో సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాయి. అవన్నీ చెడ్డవని కాదు, ఫ్యాన్లు, మెమరీ మాత్రం ఒకటికి రెండుసార్లు చూడాలి.

ఇంకా కొనఊపిరితో నడుస్తున్న కార్డైతే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ని 70, 80 శాతానికి తగ్గించండి. మెమరీ స్పీడ్ కాస్త దించండి, గేమ్‌ని 60 ఫ్రేముల దగ్గర ఆపండి. జబ్బు నయమవ్వదు, కానీ చేతిలో ఉన్న ఆర్డర్లు పూర్తయ్యేదాకా లాక్కురావచ్చు. ఈలోపు ఎడిటింగ్ ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. పెళ్లివాళ్లకి ఆల్బమ్ ఇవ్వాల్సిన తేదీకి వారంటీతో సంబంధం ఉండదు కదా!