అహ్వాజు నగరపు గాలి

ఇరాను దేశపు నైఋతి మూలలో, కారూను నదికి ఇరుగట్టుల విస్తరించియున్న అహ్వాజు నగరము, 1908లో మస్జిద్ సులేమాను కొండలలో చమురు బయల్పడిన నాటినుండి ఆ దేశపు ఐశ్వర్యమునకు ఆటపట్టైన ఖూజెస్తాను రాష్ట్రమునకు రాజధాని. చమురు బావులు, ఉక్కు కర్మాగారములు, నగరోపాంతములందు విశాలమైన చెఱకు తోటలు, ఇన్ని సంపదలుండియు, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రపంచ నగరముల వాయుస్థితిని సరిపోల్చి పట్టిక వెలువరించినపుడు, కాలుష్యమున అగ్రస్థానము ఈ నగరమునకే ప్రాప్తించెను. ఘనపు మీటరు గాలిలో పది మైక్రానులకు మించని ధూళికణములు ఏడాది సగటున 372 మైక్రోగ్రాములు కలవని ఆ పట్టిక తెలిపినది; ఆనాడు ఆ సంస్థ సూచించిన హద్దు 20 మాత్రమే.

ఈ సంఖ్య భయంకరమే గాని, ఏడాది సగటు నగరవాసుల అనుభవమును పూర్తిగా చెప్పజాలదు. ఏలయన అచటి గాలికి ఒక్కొక్క ఋతువున ఒక్కొక్క వ్యాధి. పొగగొట్టములను మాత్రమే నిందించువారును, ఎడారిని మాత్రమే నిందించువారును సగము సత్యమునే పలుకుచున్నారని నా నమ్మకము.

వేసవి సంగతి ముందుగా చెప్పవలెను. 2017 జూన్ నెలాఖరున ఇచట ఉష్ణోగ్రత 54 డిగ్రీలకు చేరువైనది. అట్టి తాపమున, వాయవ్యమునుండి ఇరాకు మైదానముల మీదుగా షమాలు అను గాలి రోజుల తరబడి వీచును. ఆ గాలి అనాదిగా వీచుచున్నదే. కాని అది మోసికొనివచ్చు ధూళి యంతయు అనాదియైనది కాదు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు సముద్రమును చేరుటకు ముందు, వేలకొలది చదరపు కిలోమీటర్ల మేర, రెల్లుతో, చేపలతో, నీటిపక్షులతో నిండిన చిత్తడి సీమలు వాని వెంట నుండెడివి. ఇరాకు దక్షిణమున 1991లో చెలరేగిన తిరుగుబాటు పిదప, ఆ నీటి నడుమ తలదాచుకొనిన ప్రజలను వెడలగొట్టుటకై సద్దాం హుసేను ప్రభుత్వము కట్టలు పోసి, కాలువలు త్రవ్వి, ఆ సీమలను ఎండగట్టెను. పదేండ్లలో పదింట తొమ్మిది పాళ్లు మాయమయ్యెను. ఎగువన టర్కీ దేశము యూఫ్రటీసుపై అతాతుర్కు మొదలగు ఆనకట్టలు నిర్మించెను. సరిహద్దునకు ఇరానువైపున నున్న హూర్ అల్-అజీమ్ అను చిత్తడికి నీరందించు కర్ఖే నదికిని 2001 నాటికి ఆనకట్ట పడినది. ఆ చిత్తడి క్రింద చమురుండుటచే, యంత్రములు దింపుటకు అనువుగా అందు కొంత భాగమును బుద్ధిపూర్వకముగనే ఎండనిచ్చిరి. వేసవిలో మన ఊరి చెరువు ఎండి, అడుగు మన్ను బీటలువాఱి, కాలు మోపినంతనే పిండియై లేచుట చూచినవారికి, ఒక జిల్లా అంత చెరువు ఎండినచో గాలి ఏమి మోసికొనివచ్చునో వేరుగా చెప్పనక్కఱలేదు. ముతక ఇసుక త్వరగా నేల వ్రాలును. ఈ ఒండ్రు ధూళి యన్ననో మిక్కిలి సూక్ష్మమగుటచే వందల కిలోమీటర్లు పయనించి ఊపిరితిత్తులలోనికి చొచ్చుకొనిపోవును.

తొలివానను మనము మంగళప్రదముగా తలంతుము. అహ్వాజున 2013 నవంబరులో తొలివాన కురిసినంతట, వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగిడిరి. అటుపిమ్మటి యేండ్లలోను అట్టి ఉపద్రవము మరల మరల కలిగెను. తేమకు పుప్పొడి రేణువులు ఉబ్బి పగిలి, శ్వాసనాళములను బిగియజేయునని కొందఱు ఊహించి, నగరమున విరివిగా పెంచిన కోనోకార్పస్ వృక్షమును అనుమానించిరి. ఆంధ్ర, తెలంగాణ నగరములలో రహదారుల వెంబడి నాటబడి, ఇటీవల వివాదమునకు లోనైన వృక్షము ఇదియే. కర్మాగారముల వాయువులు దీనికి తోడైనవని మఱికొందఱనిరి.

చలికాలమున రాత్రులందు నేల చల్లబడి, దానిని ఆనుకొనిన శీతలవాయువుపై వెచ్చని గాలి మూతవలె నిలుచును. అప్పుడు చమురు క్షేత్రములలో వృథాగా మండించు వాయువుల మసియు, గంధక ధూమమును, కోతకు ముందు చెఱకు ఆకును తగులబెట్టు పొగయు పైకి పోజాలక నగరము మీదనే నిలిచిపోవును. 2017 ఫిబ్రవరిలో మఱియొక విపత్తు సంభవించెను: ధూళి విద్యుత్తీగల ఇన్సులేటర్లపై పేరుకొని, మంచు తేమకు బురదయై, విద్యుత్ప్రవాహమును స్తంభింపజేసినది. దీపములతో పాటు నీటి సరఫరాయు నిలిచిపోగా, ప్రజలు ప్రభుత్వ భవనముల ముంగిట చేరి మొఱపెట్టుకొనిరి.

మండు వాయువులను, తగులబడు చెఱకును అరికట్టుట ఇరాను ప్రభుత్వపు చేతిలోని పనియే. దానికి జాప్యమేలనో నాకు బోధపడదు. ఎగిరిపడు ఇసుక నేలలపై చమురు మడ్డిని చల్లుట ఆ రాష్ట్రమున పాత పద్ధతి. మొక్కలు నాటుటయు కలదు. ఇవి కొంత మేలే గాని, ధూళికి నిజమైన ఔషధము నీరు. ఆ నీరు మూడు దేశముల ఒడంబడికను కోరుచున్నది. 2019 వసంతమున నదులు పొంగి, గ్రామములను ముంచి, అపారనష్టము కలిగించినను, ఎండిన హూర్ అల్-అజీమ్ మరల నిండెను. 2021 కరవున ఆ నీరు తఱిగిపోగా, ఖూజెస్తాను ప్రజలు దాహార్తులై వీథులకెక్కిరి. 2022 వసంతమున ధూళి తుపానులు ఒకదాని వెంట నొకటి చెలరేగి, సరిహద్దునకు అటు బాగ్దాదులో విమానములను నిలుపవలసివచ్చెను, ఇటు ఖూజెస్తానులో పాఠశాలలను మూయవలసివచ్చెను.