వెనుక నిలిచిన ఆటగాడు: సయ్యద్ నయీముద్దీన్

రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానము వినునప్పుడు మన చెవి గోలు కొరకే ఎదురుచూచును. గోలు చేసినవాని పేరు మరునాడు అందరి నోట వినబడును. గోలు కాకుండ ఆపినవాని పేరు అంతగా వినబడదు. గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరప రైతులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. కల్లములో ఎండిన ఎఱ్ఱని కాయలను అందరును చూతురు; తెగులు సోకకుండ చేనును కాచిన దినములను ఎవరును లెక్కింపరు.

ఫుట్‌బాల్‌లో ఆ కావలి పని బ్యాక్ ఆటగానిది. ఎదుటివాడు బంతితో వచ్చునప్పుడు వెంటనే మీదబడుట నేర్పు కాదు. తమ గోలునకును అతనికిని నడుమ నిలిచి, అతనిని మైదానపు అంచునకు నెట్టుకొని పోవలెను. అచటినుండి గోలు కొట్టుట కష్టము. తోడి బ్యాక్‌లందరును ఒక్క వరుసగా ముందుకు జరిగినచో ప్రత్యర్థి ఆఫ్‌సైడులో చిక్కును. వారిలో ఒక్కడు ఆలసించినను వల తెగినట్లే.

ఈ విద్యలో మన దేశమున పేరెన్నికగన్నవారిలో సయ్యద్ నయీముద్దీన్ గారు ఒకరు. ఆయన 1944లో హైదరాబాదులో జన్మించినారు. కోచి రహీమ్ గారు తీర్చిదిద్దగా 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టులోనే ఆయన ఆట వికసించినది. పిదప కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్లకు ఆడినారు. ఆ కాలమున ఈ ఆటనే పూర్తి వృత్తిగా నమ్ముకొని బ్రతుకుట మన దేశమున దాదాపు అసాధ్యము. జాతీయ లీగు 1996లో గాని రాలేదు.

1970 డిసెంబరులో బాంకాకునందు జరిగిన ఆసియా క్రీడలలో ఆయన భారత జట్టునకు నాయకుడు. కాంస్య పతకము కొరకు జపానుతో తలపడవలసి వచ్చినది. అది రెండేండ్ల క్రిందట మెక్సికో ఒలింపిక్సులో కాంస్యము గెలిచిన జట్టు. మనవారు 1–0తో గెలిచినారు. ఆ ఒకటి మంజిత్ సింగ్‌ది. ఆ సున్న మాత్రము గోలు కీపరుతో కలిసి వెనుక నిలిచినవారందరిది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తరువాత పతకము రాలేదు.

ఆట విరమించిన పిమ్మట ఆయన శిక్షకులైనారు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరాండు, రోవర్స్ కప్పులు మూడింటిని గెలిచినది. 2005లో కరాచీయందు భారత జట్టు దక్షిణాసియా విజేత అయినప్పుడును ఆయనయే కోచి.

1990లోనే ద్రోణాచార్య పురస్కారము ఆయనకు లభించినది. అదే ఏడు మన తెలుగువారైన వాలీబాల్ శిక్షకులు ఎ. రమణారావు గారును దానిని అందుకొన్నారు. కాని ఆటగానిగా రావలసిన అర్జున పురస్కారము నయీముద్దీన్ గారికి 1997లో గాని రాలేదు. బాంకాకు పతకమునకు అప్పటికి ఇరువదియేడేండ్లు నిండవచ్చినవి. గురువుగా ఆయనను ముందు గుర్తించి, ఆటగానిగా తరువాత గుర్తించినారు.

కనుక ఇకమీదట వ్యాఖ్యానము వినునప్పుడు, గోలు చేసినవాని పేరుతోపాటు బంతిని మరల్చినవాని పేరును కూడ చెవినిబెట్టుదము. గెలుపులో ఆ సున్నకును విలువ కలదు.